చెంప మీద చెయ్యి

ఆ పరుపుల కంపెనీలో మనిషి పైకి రావాలంటే ముందు చెయ్యి పైకి వెళ్ళాలి. ఎడమ చెయ్యి వెళ్ళి ఎడమ చెంపకు ఆనాలి, మోచెయ్యి బల్ల మీద నిలవాలి, కళ్ళు సగం మూతపడాలి. అప్పుడే ఆ మనిషి ఆలోచిస్తున్నట్టు లెక్క. రెండు చేతులతో చకచకా పని చేసుకుపోయేవాణ్ణి, పాపం వాడెంత చెమటోడ్చినా, పనీపాటా లేనివాడి కింద జమకట్టేవారు.

ఇది ఏ మహానుభావుడో కూర్చుని రాసిన నియమం కాదు. ఒకరోజు పెద్దసారు, అంటే కంపెనీ యజమాని, మీటింగుకి చెంప మీద చెయ్యి వేసుకుని వచ్చారు. ఆ చెయ్యి తియ్యకుండానే కూర్చున్నారు, తియ్యకుండానే మాట్లాడారు, తియ్యకుండానే లేచి వెళ్ళిపోయారు. ఎందుకండీ అని అడిగే దమ్ము ఎవరికుంటుంది? అమ్మకాల విభాగంలో ఒకాయన ఉన్నాడు. గాలి ఎటు వీస్తే అటు తిరిగే రకం కాబట్టి ఆయన వెనకాల అందరూ గాలిమర అనేవారు. ముందు ఆయన చెయ్యి లేచింది. అది చూసి లెక్కల విభాగం వాళ్ళకి మనమెక్కడ వెనకబడిపోతామోనని గుబులు పుట్టింది. వారం తిరిగేసరికి గోదాములో స్పాంజి కోసేవాళ్ళు కూడా ఒంటిచేత్తోనే కోస్తున్నారు.

ఉద్యోగుల మంచిచెడ్డలు చూడటానికి అక్కడ ఒక మేడం ఉండేవారు. చేతులెత్తుతున్నారు సరే, దానికో పద్ధతీ పాడూ ఉండొద్దా అని ఆవిడ బాధ. కొందరు కుడిచెంప పట్టుకుంటున్నారు, కొందరు గడ్డం పట్టుకుంటున్నారు, గేటు దగ్గర కాపలా ఆయన ఏకంగా తల పట్టుకుంటున్నాడు. మేడం బయటినుంచి ఒక శిక్షకుణ్ణి పిలిపించి అందరికీ తరగతులు పెట్టించారు. పరుపులు కోయగా మిగిలిన స్పాంజి ముక్కలతో మోచేతి కిందకి చిన్న దిండ్లు కుట్టించి బల్లకొకటి పంచారు. ఒంటిచేత్తో చేస్తే పని సగానికి పడిపోయింది. పడిపోయిన పని ఎత్తుకోవడానికి కొత్తవాళ్ళని చేర్చుకున్నారు. వాళ్ళకీ దిండ్లు ఇచ్చారు. మన సంస్థ ఎంత పెరిగిందో చూశారా అని మేడం వార్షిక సభలో అంటే, చప్పట్లు కొట్టడానికి ఎవరికీ రెండో చెయ్యి ఖాళీ లేక అందరూ బల్లల మీద చరిచారు. ఆ కంపెనీవాళ్ళని వీధిలో ఎవరైనా ఇట్టే పోల్చుకునేవారు. కుడిచెంప ఎండకి కమిలి ఉండేది, ఎడమచెంప పసిపిల్లల చెంపలా లేతగా ఉండేది.

రెండు చెంపలూ ఒకే రంగులో ఉన్నవాడు ఆ కంపెనీ మొత్తంలో ఒక్కడే. అతను ఫిర్యాదుల గుమాస్తా.

అతనికేదో పౌరుషం ఉండి కాదు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో కలం, ఇంక చెంప పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణించి తెస్తాడు? అతని బల్ల మెట్ల కింద ఉండేది. పైన ఎవరు ఎక్కినా దిగినా అతని నెత్తి మీదే నడిచినట్టుండేది, టీ కప్పులో దుమ్ము రాలేది. పొద్దస్తమానం ఫోనుల్లో జనం వాళ్ళ నడుముల గురించి, మెడల గురించి మొరపెట్టుకునేవారు. వాటిని ఫిర్యాదులు అనకూడదు, అనుభవాలు అనాలి. నొప్పి అనే మాట అసలు నోట రాకూడదని మేడం గట్టిగా చెప్పి ఉంచారు. ఎవరైనా నడుం పట్టేసిందండీ అంటే, మీ నడుముకి పరుపుతో ఇంకా పరిచయం పెరగలేదండీ అనాలి. అతను ఏళ్ల తరబడి అదే అన్నాడు. అవతలివాళ్ళు కొందరు తిట్టేవారు, కొందరు ఏడ్చేవారు, చాలామంది ఊరికే పెట్టేసేవారు.

అతనికి జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. విభాగం పెద్ద అయితే పై అంతస్తులో గది ఇస్తారు. ఆ గదికి తలుపుంటుంది. తలుపు వేసుకుంటే ఎవరి చెప్పుల చప్పుడూ వినబడదు. ప్రతి ఏడాదీ ఆ పదవి ఎవరో ఒక చెంప పట్టుకున్నవాడికి పోయేది, ఇతను మెట్ల కిందే ఉండిపోయేవాడు. నాకూ ఒక తలుపు ఉంటే బాగుండునని భార్యతో అన్నప్పుడల్లా ఆవిడ నవ్వి, మన ఇంటి తలుపు సరిగ్గా పడట్లేదు, ముందు దాని సంగతి చూడండి అనేది.

అలాంటి రోజుల్లో అతనికి పన్ను పుచ్చింది. కింది దవడలో, ఎడమ పక్కన, చిట్టచివరి పన్ను. మొదట సలిపింది, తర్వాత పోటు పెట్టింది, ఆ తర్వాత చెవిదాకా లాగడం మొదలెట్టింది. ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, ఎడమ చేత్తో చెంప అదిమి పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని, వచ్చే పోయే అనుభవాలకు ఊఁ కొడుతూ కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే పెద్దసారు మెట్లు దిగుతూ ఆగిపోయారు.

ఆయన చాలాసేపు చూశారు. ఇన్నాళ్ళుగా ఎన్నో చెంపలు, ఎన్నో చేతులు చూసిన మనిషి ఆయన. కానీ ఇంత నిజాయితీగా పట్టుకున్న చెయ్యి చూడలేదు. నుదుటి మీద చెమట, కంటి కొసన నీరు, వేళ్ళ కింద చెంప వణుకుతోంది. దేని గురించి ఆలోచిస్తున్నారని పెద్దసారు అడిగారు. గుమాస్తాకి నోరు తెరిస్తే గాలి తగిలి ప్రాణం పోయేలా ఉంది. అందుకని నోరు మెదపకుండా తల ఆడించాడు. పెద్దసారు మరింత గౌరవంగా చూసి, చప్పుడు చెయ్యకుండా మునివేళ్ళ మీద వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి కంపెనీలో అతని పేరే. గాలిమర వచ్చి, ఆ కంటి నీరు ఎలా తెప్పిస్తారో కాస్త చెప్పండని బతిమాలాడు. మేడం కొత్తగా చేరినవాళ్ళని మెట్ల కిందకి తీసుకొచ్చి, చూడండి, భుజం ఎంత జారిందో గమనించండి అని చూపించి వెళ్ళారు. వచ్చే మీటింగులో విభాగం పెద్దగా ఈయన పేరే చెబుతారట అని కబురు గుప్పుమంది.

ఇంటికి వెళ్ళి ఆ సంగతి చెబితే భార్య సంతోషించలేదు. ఆవిడ తమ్ముడు పళ్ళ డాక్టరు. రెండు వీధుల అవతలే ఆసుపత్రి. ఇంట్లోనే పళ్ళ డాక్టరుని పెట్టుకుని ఎవరో పోయినట్టు చెంపకి చెయ్యేంటండీ, వెళ్ళి పీకించుకు రండి అని ఆవిడ మొదటిరోజు నుంచీ పోరుతూనే ఉంది. బావమరిది టార్చిలైటు తెచ్చి నోట్లోకి తొంగిచూసి, బావా, ఇది ఇంకా ఉంచితే చీము దవడ ఎముకకి పాకుతుంది, ఆ తర్వాత నా చేతిలో ఉండదు అని భయపెట్టాడు. గుమాస్తా మాత్రం మీటింగు దాకా ఆగమన్నాడు. పన్ను పోతే నొప్పి పోతుంది, నొప్పి పోతే చెయ్యి దిగిపోతుంది, చెయ్యి దిగితే తలుపు దక్కదు. ఇంత చిన్న లెక్క వీళ్ళకెందుకు అర్థం కాదని అతనికి విసుగొచ్చింది.

"పన్ను పోతే కట్టుడు పన్ను పెట్టించుకోవచ్చు. మీరు పోతే నేనేం పెట్టించుకోను?" అంది భార్య.

అతను మీటింగు వచ్చేదాకా చల్లారిన జావ తాగుతూ, అక్షరాలా పంటి బిగువున రోజులు నెట్టుకొచ్చాడు. ఆవిడ పక్కన కూర్చుని కాపడం పెడుతూ ఏడ్చింది. ఆ ఏడుపు చూసి కూడా ఆగినందుకు అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది, అయినా ఆగాడు.

మీటింగు రోజు వచ్చింది. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ మోచేతి దిండ్లు సర్దుకుని కూర్చున్నారు. గుమాస్తా చెంప అప్పటికే గుమ్మడికాయంత అయింది. మేడం దాన్ని చూసి, ఆలోచన బరువుకి చెంప ఎలా నిండిందో చూశారా అని పక్కావిడ చెవిలో అన్నారు. పెద్దసారు పేరు ప్రకటించే ముందు, గుమాస్తాని లేచి రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

అతను లేచాడు. సిబ్బంది గురించి, సేవ గురించి ఏవో నాలుగు మంచి మాటలు రాత్రంతా వల్లె వేసుకొచ్చాడు. నోరు తెరవగానే చల్లగాలి వెళ్ళి సూటిగా పుచ్చిపోయిన చోట తగిలింది. వల్లె వేసిందంతా ఎగిరిపోయింది. తలుపూ ఎగిరిపోయింది. గోడ పట్టుకుని నిలబడి, ఉన్న మాట చెప్పేశాడు.

"నాకు పన్ను నొప్పిగా ఉందండీ. పీకించుకోవాలి."

మేడం కళ్ళు చెమ్మగిల్లాయి. సంస్థలో పుచ్చిన భాగం ఉంటే దాన్ని పీకి పారేసే ధైర్యం ఉండాలని ఎంత చిన్న మాటలో చెప్పారండీ అని ఆవిడ లేచి నిలబడ్డారు. ఒంటిచేతులు బల్ల మీద దడదడలాడాయి. గాలిమర వెంటనే లేచి, తనకి కూడా చాలాకాలంగా పన్ను నొప్పిగానే ఉందన్నాడు. లెక్కల విభాగం మొత్తం లేచి, తమకి రెండేసి పళ్ళు నొప్పి అని ఒప్పుకుంది.

"కాదండీ, నిజమైన పన్ను" అని గుమాస్తా మొత్తుకున్నాడు. నమ్మరేమోనని బల్ల మీదకి వంగి, నోరు బార్లా తెరిచి వేలు పెట్టి చూపించాడు.

దాచుకోకుండా ఉండటమంటే ఇదీ అన్నారు మేడం. ఆవిడా నోరు తెరిచారు. ఆవిడ వెనక గాలిమర తెరిచాడు. ఒకరి తర్వాత ఒకరు బల్ల చుట్టూ అందరూ నోళ్ళు తెరుచుకుని, ఎడమ చెయ్యి చెంప మీద ఉంచి, కుడిచేతి వేలితో ఏదో ఒక పన్ను చూపిస్తూ నిలబడ్డారు. అన్ని నోళ్ళు తెరుచుకున్నాయి కానీ, నీకు నొప్పెక్కడ అని అడగడానికి ఒక్కటీ పనికి రాలేదు. గుమాస్తాకి ఏడవాలో నవ్వాలో తెలీక, నోరు మూస్తే పోటు, తెరిస్తే పోటు అయి అలాగే ఉండిపోయాడు.

నోరు తెరవనివారు ఒక్క పెద్దసారు. ఆయన లేచి, మీటింగు రేపటికి వాయిదా అని చెప్పి, గుమాస్తా భుజం పట్టుకుని తన గదిలోకి తీసుకుపోయారు. తలుపు వేశారు. నిజంగానే ఏ చప్పుడూ వినబడలేదు.

"నొప్పి నిజమేనా?" అన్నారు మెల్లగా.

గుమాస్తా తల ఊపాడు. పెద్దసారు కుర్చీలో కూలబడి, ఎన్నాళ్ళుగానో మోస్తున్నదేదో దించుకున్నట్టు చెప్పుకొచ్చారు. మొదట్లో ఆయనకీ నిజంగా పన్ను నొప్పే. ఆ వారంలోనే పీకించేసుకున్నారు. హాయిగా చెయ్యి ఊపుకుంటూ ఆఫీసుకి వచ్చి తలుపు తీస్తే, లోపల అందరూ చెంపలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. తన కోసం పట్టుకున్నవాళ్ళ ముందు తాను చెయ్యి దించితే వాళ్ళ మొహాలు ఏం కావాలి? అందుకని ఆ ఒక్కరోజుకి మళ్ళీ పట్టుకున్నారు. ఆ ఒక్కరోజు ఇంకా అవలేదు.

ఆయనే తన కారులో గుమాస్తాని బావమరిది ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ వరండాలో బెంచీల మీద జనం చెంపలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. పెద్దసారు అలవాటుగా చెంప మీద చెయ్యేసుకుని వాళ్ళ మధ్య కూర్చుంటే, పక్కనున్న ముసలమ్మ ఏ పన్ను నాయనా అని అడిగింది. ఆయన చెప్పలేక నేల చూపులు చూశారు. ఆవిడ జాలిపడి, తన వంతులో ఆయన్నే వెళ్ళమంది.

లోపల బావమరిది గుమాస్తాని తిట్టాల్సిన నాలుగూ తిట్టి, మత్తు సూదేసి, పన్ను లాగి స్టీలు పళ్ళెంలో టంగుమని పడేశాడు. గుమాస్తాకి లోకం ఒక్కసారిగా నిశ్శబ్దం అయినట్టు అనిపించింది. ఇంత హాయి ఇన్నాళ్ళూ రెండు వీధుల అవతల పెట్టుకుని తాను ఎంత మూర్ఖంగా బతికాడో తలుచుకుంటే కళ్ళ నీళ్ళు తిరిగాయి. పెద్దసారు లోపలికొచ్చి ఆ పంటిని చాలాసేపు చూశారు.

"రేపు దించేద్దాం. ఇద్దరం ఒకేసారి" అన్నారు.

గుమాస్తా నోట్లో దూది ఉండటంతో చెయ్యి చాపాడు. పెద్దసారు ఎడమ చెయ్యి దించి ఆ చెయ్యి పట్టుకున్నారు.

మర్నాడు గుమాస్తా రెండు చేతులూ ఊపుకుంటూ మీటింగుకి వెళ్ళాడు. దిండు పక్కకి జరిపి, చేతులు బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. నలుగురూ ఓరగా చూసి, ఇంత పెద్ద పదవి వస్తున్న రోజున ఈ పొగరేమిటో అన్నట్టు కుర్చీలు కాస్త ఎడంగా లాక్కున్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో గొణిగారు. అతను పట్టించుకోలేదు. తలుపు వైపే చూస్తున్నాడు.

పెద్దసారు వచ్చారు. చెయ్యి కిందే ఉంది. గుమాస్తా గుండె ఎగిరి గంతేసింది. ఆ చేతిని అందరూ చూశారు. గాలిమర చెయ్యి చెంప మీంచి కొంచెం లేచి, దిగాలో ఉండాలో తెలీక గాల్లోనే ఆగింది. మేడం లేచి, ఒంట్లో బాగానే ఉంది కదా సార్ అని భయంభయంగా అడిగారు. పెద్దసారు ఒక్కొక్క మొహమే చూస్తూ వచ్చారు. గుమాస్తా మొహం దాకా వచ్చేలోపే ఆయన చెయ్యి మెల్లగా లేచి, తన పాతచోటు తాను వెతుక్కుని, చెంప మీద కూర్చుంది. గదిలో అందరూ హమ్మయ్య అనుకుని దిండ్లు సర్దుకున్నారు. విభాగం పెద్దగా గాలిమర పేరు చెప్పారు. ఆ చెప్పేటప్పుడు పెద్దసారు కిటికీలోంచి బయటికి చూశారు.

గుమాస్తాకి కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, బాగా వచ్చింది. చేతిలో చెయ్యి వేసి చెప్పిన మాట ఒక పూటైనా నిలవలేదే అనుకున్నాడు. మీటింగు అయ్యాక మేడం అతన్ని నడవాలో ఆపి, ఎవరూ వినకుండా దగ్గరికొచ్చారు. మనిషి మంచిదే. మొహంలో నిజమైన ఆందోళన ఉంది.

"ఏమైందండీ మీకు? అలా చేతులు దించేసి కూర్చున్నారు. ఎక్కడైనా నొప్పా?"

దవడ బద్దలైపోతున్నన్నాళ్ళూ ఎవరూ అడగని మాట అది. పొద్దున్నే బావమరిది మార్చి పెట్టిన దూది ఊడిపడుతుందేమోనని నోరు నొక్కుకుని గుమాస్తా నవ్వాడు. లేదని తల ఊపి, మెట్లు దిగి, మెట్ల కింద తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. పైన గాలిమర సామాను కొత్తగదికి మోస్తున్న చప్పుడు వినబడుతోంది. టీలో దుమ్ము రాలింది. దుమ్ము వేలితో తీసేసి, చాలా రోజుల తర్వాత వేడివేడిగా ఒక గుక్క కుడిపక్క నుంచి తాగాడు. ఇంటికి ఫోను చేసి తలుపు రాలేదని చెబితే, భార్య, సాయంత్రం వస్తూ వస్తూ మన తలుపుకి మడతబందు కొనుక్కురండి అని పెట్టేసింది.

కాసేపటికి బల్ల మీది ఫోను మోగింది. అవతల ఎవరూ మాట్లాడలేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఇలాంటి ఫోనులు వస్తూనే ఉంటాయి. చెప్పుకోవాలని చేస్తారు, ఎలా మొదలుపెట్టాలో తెలీదు. మీ అనుభవం చెప్పండి అనాలి. గుమాస్తా నోట్లోంచి దూది తీసి పక్కన పెట్టాడు.

"ఎక్కడ నొప్పండీ?"

వెనకాల ఏ చప్పుడూ లేదు, తలుపు వేసిన గదిలోంచి చేస్తున్నట్టుంది.

"మోచేతి దగ్గర" అంది పెద్దసారు గొంతు. "భుజం దాకా లాగుతోంది. దించడానికి రావట్లేదు."

గుమాస్తాకి అప్పటిదాకా ఉన్న కోపం ఇప్పుడు అంత లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచండీ? మెల్లగా చెప్పండి, నేను వింటాను" అన్నాడు.